ఒక్క సాయంత్రం సెలవు

మెయిల్ వచ్చేసరికి శ్రావణ్‌కుమార్, నిషిత రోటర్‌డ్యామ్‌లో పడవ టికెట్ల క్యూలో ఉన్నారు.

మూడేళ్లుగా ఆ ఊళ్లో కాపురం. ఒక్కసారి కూడా ఆ పడవ ఎక్కలేదు. శనివారం వస్తే చాలు, ఎవరో ఒక ఇన్వెస్టర్ ఫోన్లోకి వచ్చేవాడు. పార్కుకు వెళ్లినా చంకలో లాప్‌టాప్ ఉండాల్సిందే, పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు. ఊరి నిండా కాలువలు, సైకిళ్లు, పూలతోటలు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లోనే శని.

శ్రావణ్ మెయిల్ చదివి ఫోన్ భార్య చేతికిచ్చాడు.

"రెండు సీసాల్లోని నీళ్లకూ తేడా లేదని మా ల్యాబు చెప్పింది. మీ యంత్రం ఏ పనీ చేయడం లేదు. పెట్టుబడి పెట్టలేం."

ఇద్దరూ క్యూలోంచి బయటికొచ్చేశారు.

ఇరవై ఆరుగురు కాదన్నాక మిగిలిన ఒకే ఒక్కడు ఈ మెయిల్ పంపిన ఇన్వెస్టర్. అతనూ వద్దంటే కంపెనీ మూసేయడమే.

శ్రావణ్‌ది సంగారెడ్డి. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల విషం దిగిన బోరు నీళ్లు చూస్తూ పెరిగినవాడు. కొన్ని బోర్లలో నీళ్లు చూడ్డానికి తేటగానే ఉంటాయి. నోట్లో పోసుకుంటే తెలుస్తుంది. పైరుకు పెడితే ఇంకా బాగా తెలుస్తుంది. ఆ నీళ్లను మంచినీళ్లుగా మార్చే ఫిల్టర్ యంత్రం తయారుచేశాడు. ఆ దగ్గర్లోనే లక్డారంలో పెంటయ్య అనే రైతు పొలంలో దాన్ని బిగించాడు. నాలుగుసార్లు పరీక్షించాడు. నాలుగుసార్లూ నెగ్గింది.

నెల కిందట ఆ ఇన్వెస్టర్ ఇండియా చూడ్డానికి వచ్చాడు. తన సెలవుల్లోంచి ఒక్క పూట వీళ్లకు ఇస్తానన్నాడు. ఆ ఒక్క పూట కోసం వీళ్లిద్దరూ విమానమెక్కి వచ్చారు.

అంతా సిద్ధం చేశారు. యంత్రంలో కొత్త ఫిల్టర్ బిగించారు. బోరు ఆగి ఆగి పోస్తుంది కాబట్టి, యంత్రంలోకి నీళ్లు వెళ్లే డ్రమ్మును ముందే బోరు నీళ్లతో నింపి ఉంచమని శ్రావణ్ పెంటయ్యకు చెప్పాడు. యంత్రంలోంచి వచ్చే నీళ్లు ఆ దొర తాగి చూస్తాడని కూడా చెప్పాడు. ఇక ఆ కొత్త ఫిల్టర్‌ను ఒకసారి పరీక్షించడమే మిగిలింది.

అప్పుడు నిషిత అడ్డుపడింది.

"మూడేండ్ల సంది ఒక్క సాయంత్రమన్న నాకు ఇచ్చినవా? మంజీర డ్యామ్ దాక పోయొద్దాం పా."

"ఫిల్టర్ చూడాలె నిషీ."

"పొద్దుగాల చూస్తువు తియ్. గంటల ఏం కొంప మునుగది."

వెళ్లారు. గట్టు మీద కూర్చుని కాల్చిన మక్కకంకులు తిన్నారు. నీటి పక్షుల్ని లెక్కపెట్టబోయి ఇద్దరూ తప్పారు. శ్రావణ్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో నిషితకు గుర్తు రాలేదు. ఫోన్ కారులోనే ఉండిపోయింది.

తెల్లారి ఇన్వెస్టర్ చెప్పిన టైముకన్నా గంట ముందే దిగాడు. పరీక్షించే వ్యవధి దొరకలేదు. అతనివన్నీ సొంత పద్ధతులే. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. డ్రమ్ములోంచి ఒక సీసా, యంత్రం కుళాయిలోంచి ఒక సీసా తనే పట్టి సీలు వేసుకున్నాడు. కుళాయి కింద గ్లాసు పెట్టి గటగటా తాగి, బాగున్నాయన్నాడు. పెంటయ్య ముఖం వెలిగిపోయింది.

ఆ తర్వాత వచ్చింది ఈ మెయిలే.

"నేనే తీస్కపోయిన నిన్ను," అంది నిషిత, రోటర్‌డ్యామ్‌లో ఇంటికి చేరాక.

"నువ్వేం జేస్తవ్? బుద్ధి నాకుండాలె."

ఓదార్పులాగే ఉంది ఆ మాట. కానీ ఓదార్పు కాదని ఇద్దరికీ తెలుసు.

ఇంకొక్క అవకాశం ఇమ్మని శ్రావణ్ బతిమాలుతూ రాశాడు. ఆ డబ్బు వేరే కంపెనీకి ఇచ్చేశామని జవాబొచ్చింది. మళ్లీ తనే పరీక్షించుకుందామంటే ఆ ఫిల్టర్ ఒకసారి తడిసి ఎండితే పాడైపోయే రకం. ఉన్న ముగ్గురు ఉద్యోగుల్నీ పంపించేశాడు. తనూ ఎక్కడో ఉద్యోగంలో చేరిపోయాడు. ఇప్పుడు శనివారాలన్నీ ఖాళీయే. ఒకరు ముందు గదిలో, ఒకరు వెనక గదిలో. పడవ మాట ఎవరూ ఎత్తలేదు.

రెండు నెలల తర్వాత యంత్రాన్ని విప్పి పాత సామాన్లవాడికి ఇచ్చేయడానికి ఇద్దరూ లక్డారం వచ్చారు. నిషిత కారు దిగింది కానీ దగ్గరికి రాలేదు. శ్రావణ్ స్పానర్ పట్టుకుని నట్లు విప్పుతుంటే పెంటయ్య గబగబా వచ్చాడు.

"ఇప్పుతున్నవేంది బిడ్డా?"

"పనిచేస్తలేదు తాతా. పైసలు పెట్టనన్నడు ఆయన. కంపెనీ బందయింది."

"గట్లెట్లంటడు? మంచిగున్నయని తాగిపాయె గదా."

"తప్పు మాదే తాతా. ముందురోజు పని ఇడిసిపెట్టి డ్యామ్ కాడ తిరిగినం. ఫిల్టర్ చూసుకోలే."

నిషిత ముఖం అటు తిప్పుకుంది. ఆమె భుజాలు కదలడం పెంటయ్య చూశాడు. ముసలాయన మనసు కలుక్కుమంది. తన పొలంలో జరిగిన పని చెడిపోతే తన ఇంట్లో శుభకార్యం చెడినట్టే ఉంది అతనికి.

"మా దిక్కెల్లి ఏం తక్కువ జేయలేదు బిడ్డా," అన్నాడు. "నువ్వు బోరు నీళ్లు నింపుమంటివి గని, ఇంటికొచ్చిన మనిషితోని గా ఇసపు నీళ్లు తాగిపిస్తమా, పొద్దుగాలనే పటాన్‌చెరు నుంచి మంచినీళ్ల డబ్బాలు తెప్పించి డ్రమ్ము నిండ నేనే పోసిన."