నర్సు వేసిన ముడి

గురమ్మను చంపింది నర్సు తులసి. గురమ్మ మొగుడు సూరయ్య దగ్గర ఇందులో రెండో మాట లేదు. కళింగపట్నమంతా తిరిగి చెప్పాడు. ఈరోజు ఆసుపత్రి విచారణలోనూ అదే చెప్పడానికి కూతురు భారతిని వెంటబెట్టుకుని వచ్చాడు.

జరిగి వారమైంది. చేపల తట్టలతో వెళ్తున్న ఆటో బోల్తా పడి, గురమ్మ తల రోడ్డుకు కొట్టుకుంది. శ్రీకాకుళం తెచ్చేసరికి స్ట్రెచర్ మీదే ఫిట్స్ మొదలయ్యాయి. తులసి నరంలోకి ఇంజెక్షన్ ఎక్కించింది. ఫిట్స్ ఆగాయి. అప్పుడు సూరయ్య ఆమెకు దండం కూడా పెట్టాడు.

గంట తర్వాత గురమ్మ కళ్లు తెరిచింది. తెరిచింది మొదలు తన్నడం, గుద్దడం. ముప్పై ఐదేళ్ల కాపురంలో మొగుణ్ణి పల్లెత్తు మాట అనని మనిషి, నోటికొచ్చిన బూతులు తిట్టింది.

"తిట్టేది ఆవిడ కాదు తాతా, దెబ్బ తిన్న మెదడు" అంది తులసి. కుడిచేతికి సూది గుచ్చి సీసాలోంచి మందు ఎక్కిస్తోంది. ఎడమచేతిని బ్యాండేజీ గుడ్డతో మంచానికి కట్టింది. "ఈ సెయ్యి అందితే సూది పీకేస్తాది. మందు ఆగితే మళ్లీ ఫిట్సే."

సూరయ్య ఆ ముడి చూసి పెదవి విరిచాడు. "ఏటమ్మా, ఇదీ ఒక ముడేనా? సేపలు సూస్తే నవ్వుతాయి."

"మాది భావనపాడు తాతా. మా నాన్న కూడా నీలాగే వలలల్లినోడే." తులసి నవ్వింది. "కొస మంచం కిందుంది, ఆవిడకందదు. మేం లాగితే సిటికెలో ఊడిపోవాల. సేపలకేసే ముడి మనిషికెయ్యకూడదు."

మధ్యాహ్నానికి గురమ్మ గొంతు మెత్తబడింది. మొగుణ్ణి గుర్తుపట్టింది.

"మావా, సెయ్యి పీకేస్తంది. ఇప్పు మావా."

మణికట్టు ఎర్రగా కందిపోయి ఉంది. సూరయ్య చూడలేకపోయాడు. కాసేపటికి గేటు బయటికొచ్చి బీడీ ముట్టించాడు.

తిరిగి వెళ్లేసరికి సూది ఊడి వేలాడుతోంది. మందు చుక్కలు చుక్కలుగా గచ్చు మీద పడుతోంది. గురమ్మ ఒళ్లంతా బిగుసుకుపోయి కొట్టుకుంటోంది. తులసి పరుగున వచ్చి తొడలోకి ఇంజెక్షన్ పొడిచింది. ఎడమచేతికి కట్టు అడ్డమొస్తే కత్తెరతో కత్తిరించి జేబులో కుక్కుకుని, నరం కోసం వెతికింది. ఈసారి ఫిట్స్ ఏ మందుకూ లొంగలేదు. పొద్దు వాలకముందే గురమ్మ పోయింది.

విచారణ ఐదు నిమిషాల్లో తేలిపోయింది.

"కట్టు వదులుగా ఉందా?" అడిగాడు పెద్ద డాక్టరు.

"ఉంది సార్."

"కట్టింది ఎవరు?"

తులసి ఒక్కసారి సూరయ్య వైపు చూసింది. "నేనే సార్."

"ఇన్నారా? అదే ఒప్పుకుంది!" సూరయ్య లేచి అరిచాడు. "ముడెయ్యడం రానిదానికి ఉజ్జోగమేటి? నా పెళ్లాన్ని పొట్టన పెట్టుకుంది!"

తులసిని ఉద్యోగంలోంచి తీసేశారు. గేటు దగ్గర ఆమె ఎదురొచ్చి, సూరయ్య చేతిలో చిన్న కాగితప్పొట్లం పెట్టింది.

"ఇది ఎవులికీ సూపించనేదు తాతా."

అంతే అంది. వెనక్కి చూడకుండా ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

సూరయ్య పొట్లం విప్పాడు. కత్తిరించిన బ్యాండేజీ ముక్క. ముడి ముడిలాగే ఉంది.

"ఏటి నాన్నా అది?" భారతి వంగి చూడబోయింది.

తన చేత్తోనే విప్పి, పెళ్లాం చెయ్యి ఆడేలా వదులుగా మళ్లీ తానే వేసిన వలముడి మీద పిడికిలి మూసి, "ఈ ఊసు ఇంక నాను సచ్చేదాకా నాకాడ ఎత్తకే" అన్నాడు సూరయ్య.