సరేనా, రద్దా?

"సరే అంటే, సరే ఉండనీ అనుకున్నానమ్మా," అన్నాడు ఫొటోగ్రాఫరు. "రద్దు నొక్కితే ఎక్కడ పోతాయోనని భయమేసి, సరే నొక్కాను."

పోయాయి. ఒక పెళ్లి ఫొటోలు, రెండు వేల పైచిలుకు. ఆ పెళ్లి మళ్లీ ఎవరు చేసుకుంటారని అతనడిగితే మేనేజరు ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాడు. ఫొటోగ్రాఫరు నాలుగు తిట్టి పోయినా బాగుండేది. తిట్టలేదు, ఖాళీ డిస్కు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

ఇక గదిలో ఇద్దరే. మేనేజరు, ఆ సాఫ్ట్‌వేర్ తెర మీద వచ్చే మాటలన్నీ రాసే ఆవిడ. ఆఫీసంతా ఆవిణ్ణి మాటలావిడ అంటారు. 'ఈ ఫైళ్లను తొలగించాలా?' అని అడిగి, కింద 'సరే', 'రద్దు' అని రెండు బటన్లు పెట్టింది ఆవిడే. పెట్టింది ఆవిడే గానీ పెట్టమన్నది మేనేజరు. రద్దు దేన్ని, ఫైల్నా, తీసేయడాన్నా, జనం తికమకపడతారండీ అని ఆవిడ రెండేళ్లుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతూనే ఉంది. బటన్ మీద చోటు లేదని ఒకసారి, వచ్చే వెర్షన్‌లో చూద్దామని ఇంకోసారి, ఆయన దాటేస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు ఓనరు మేనేజరుకి ఫోన్ చేసి, బాధ్యులెవరో తేల్చి సాయంత్రంలోగా ఇంటికి పంపమన్నాడు. బాధ్యులంటే ఈ ఇద్దరిలో ఒకరు. ఇంట్లో ఉద్యోగం ఉన్నది ఆవిడొక్కదానికే.

"తెర మీద ఆ ప్రశ్న అడగడానికి కొత్త పెట్టె ఏదో చేశానన్నారుగా, చూపించండి," అన్నాడు మేనేజరు.

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. గబగబా ఆయన కంప్యూటర్లోనే ఎక్కించింది. ఇందులో సరే లేదు, రద్దు లేదు. 'తీసేయి', 'ఉంచు', అంతే. తీసేయాలంటే ఆ ఫైలు పేరు మన చేత్తో టైప్ చేయాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా టుంగుమని మోగి, ఒప్పుకోదు.

"పేరు తెర మీద కనబడదేం?"

"కనబడితే ఆలోచించకుండా చూసి కొట్టేస్తారండీ. అందుకే పెట్టె తెరంతా కప్పేస్తుంది. ఏం పోగొట్టుకుంటున్నారో తెలిసినవాళ్లే తీసేయాలి."

"అయితే పొరపాటున పోయే ప్రశ్నే లేదన్నమాట."

"లేదండీ. తెలిసి చేస్తేనే పోతుంది."

మేనేజరు మెచ్చుకున్నాడు. ఇన్నాళ్లూ వినకపోవడం తన తప్పేనన్నాడు. ఆయన నోట తప్పన్న మాట వినడం ఆవిడకిదే మొదలు. ఇవాళే దీన్ని అందరికీ పంపిద్దాం, ముందు నేనొకసారి పరీక్షిస్తానని ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆవిడ టేబులుకి ఇవతల నిలబడి, బయటికెళ్లగానే ఇంటికి ఫోన్ చేసి భయం లేదని చెప్పాలనుకుంది.

ఆయన సిబ్బంది ఫోల్డరు తెరిచాడు. అందులో ఒక్కో ఉద్యోగికీ ఒక్కో ఫైలు, ఎవరి పేరుతో వాళ్లది. ఒకదాని మీద నొక్కి, రెండు వేళ్లతో వెతుక్కుంటూ టైప్ చేశాడు. టుంగుమంది. చెరిపి మళ్లీ కొట్టాడు. మళ్లీ టుంగుమంది. తన పెట్టె మేనేజరంతటివాణ్ణి కూడా ఆపుతోందని ఆవిడ లోపల్లోపల మురిసిపోయింది.

ఆయన తలెత్తి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఏమనుకోకండమ్మా, మీ పేరులో ఒత్తు ఎక్కడొస్తుంది?"