సెమీసీ అడిగిన చోటు

"రెండేళ్ళలో మీ అక్కను వెనక్కి తీసుకొస్తాను" అని విమానమెక్కేముందు మా బావ సెమీసీ నా చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు. ముప్పై ఏళ్ళు రాలేదు. ఆక్లాండ్‌లో శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టారని మాత్రం విన్నాను.

మా అక్క మాసినా చనిపోయాక, నిన్న ఒంటరిగా సమోవాలో దిగాడు. గుడిసె వేసుకోవడానికి మా భూమిలో చోటు అడిగాడు. కుటుంబపెద్దను నేను. ఇవ్వడం, ఇవ్వకపోవడం నా ఇష్టం.

"అక్కడే శాశ్వతమైపోయావుగా బావా, ఇక్కడెందుకు?" అన్నాను. ఎన్నాళ్ళుగానో నూరి ఉంచుకున్న మాట అది.

"దరఖాస్తు పెట్టింది మీ అక్కొక్కతే. నీకు మాటిచ్చానని నేను పెట్టలేదు. ఆమె భర్తగా ఏటేటా వీసా గడువు పొడిగించుకున్నాను. ఆమె పోయింది కాబట్టి ఇక నన్ను పొమ్మన్నారు."

"ఆమెను లాక్కురావలసింది."

"రమ్మన్నప్పుడల్లా ఒకటే మాట. పెద్దరికం తనదట. అందరూ కూర్చున్న సభలో కుటుంబపెద్దకిచ్చే కావా పానీయం చిప్ప తనకందాల్సి ఉండగా నువ్వు లాక్కుని తాగేశావట. నీ కింద బతకనంది."

చోటిచ్చాను, ఆ ఇంట్లో ఆమె ఫొటో కనబడకూడదన్న షరతు మీద. పెద్దరికం కావాలంటే వచ్చి నా ఎదుట నిలబడి అడగవలసింది. ముప్పై ఏళ్ళూ అడగకుండానే పోయింది, ఆ మాసినా.