బొంతలో ఖాళీ గడి

చొక్కా దొరికింది. పీరు ట్రంకుపెట్టె అడుగున, పాత దుప్పటి మడతల్లో.

పరుపుల కొట్టు నుంచి వచ్చిన పీరు ఇంకా గడప దాటలేదు, జానీబీ దాన్ని మొగుడి మొహం ముందు జాడించింది.

"ఇదేంటయ్యా? అక్బర్ ఇల్లు వదిలిన రోజు ఒంటి మీదున్న చొక్కా. నీ పెట్టెలోకి నడిచొచ్చిందా?"

పీరు కనుబొమల మీద దూది అలాగే ఉంది. తుడుచుకోలేదు.

"వాడే ఇచ్చుంటాడు. నాకు చెప్తే అరిగిపోతావా?" జానీబీ నవ్వుతూ కాలర్ తిప్పి చూసింది. "ఈ మరకేంటి? కిళ్లీ కూడా అలవాటైందా నీ కొడుక్కి?"

"ఏమో."

ఆరేళ్ల కిందట పరుపులు కుట్టడం నేర్చుకోమని తండ్రి, లారీ నేర్చుకుంటానని కొడుకు పంతాలకు పోయారు. పీరు చెయ్యి చేసుకున్నాడు. అక్బర్ ఆ పూటే వెళ్లిపోయాడు. వాడి పేరు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తడానికి వీల్లేదని పీరు వీధంతా వినపడేలా అరిచాడు.

ఆ దిగులుతోనే జానీబీకి గుండె జబ్బు వచ్చింది. గుంటూరులో ఆపరేషన్ చేశారు. ఈవిడ చెవిన కంగారు పెట్టే మాట పడనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమెకు మెలకువ వచ్చేసరికి పక్కన కూతురు నజ్మీన్ ఒక్కతే ఉంది. పీరు మర్నాడెప్పుడో వచ్చాడు.

"ఏడకి పోయావు? వాడి దగ్గరికేనా?"

"ఆ. వినుకొండలో ఉన్నాడు."

అంతకు మించి పీరు నోటి నుంచి ఒక్క ముక్క రాలేదు. లారీ, అద్దె గది, వేళకి తినని తిండి... మిగతాదంతా ఆమే అల్లుకుంది. తల్లి చావు బతుకుల్లో ఉంటే తొంగి చూడని కొడుకు మీద అలిగింది. వాడంతట వాడు వచ్చేదాకా కబురు కూడా పంపనని ఒట్టు పెట్టుకుంది.

పీరు మాత్రం ఏటా ఒక రోజు కొట్టు మూసి, అద్దంకిలో వినుకొండ బస్సెక్కుతాడు. పైకి పౌరుషం, లోపలంతా కొడుకేనని వీధిలోవాళ్లు నవ్వుకుంటారు. తిరిగొచ్చాక జానీబీ మొహం పక్కకు తిప్పుకునే అడుగుతుంది.

"బాగున్నాడా?"

"అక్కడే ఉన్నాడు."

"నా గురించి అడిగాడా?"

"నేనే చెప్పాను."

ఇప్పుడు చొక్కాతో ఆమెకు పనిబడింది. అద్దంకి ఆసుపత్రిలో నజ్మీన్‌కి ఆడపిల్ల పుట్టింది. రేపు ఇంటికి తెస్తున్నారు. మొదటి మనవడికో మనవరాలికో కప్పాలని నజ్మీన్ పెళ్లప్పుడు జానీబీ ఒక బొంత మొదలుపెట్టింది. ఇంట్లో ఒక్కొక్కరి బట్టలోంచి ఒక ముక్క. అక్బర్ వెళ్లిపోగానే చుట్ట చుట్టి అటక మీద పడేసింది. వాడి గడి ఒక్కటే ఖాళీ.

పొద్దున దింపి, దులిపి, ఎండలో వేసింది. ఆకుపచ్చ ముక్క కుట్లు విప్పి తీసేసింది. అది అత్త చీర. అత్త పోయి రెండేళ్లయింది.

"పోయినోళ్ల గుడ్డ పసిబిడ్డకి తగలకూడదు" అని ఆ చోట అల్లుడి లుంగీ ముక్క పెట్టింది.

కుట్టడానికే చిక్కొచ్చింది. జానీబీకి చూపు ఆనడం లేదు. పక్కింటి ప్రేమమ్మ పొద్దుటి నుంచీ మిరపకాయలు కోసి వచ్చింది.

"నా చేతులు మండిపోతున్నాయి వదినా. ఈ చేతుల్తో పిల్ల బొంత ముట్టుకోను. పీరన్న ఉన్నాడుగా, పుట్టినకాణ్ణించీ సూదే కదా."

"ఆ గడిలో నా చొక్కా ముక్క వెయ్యి" అన్నాడు పీరు.

"నీది ఉందిగా, ఆ మూల."

"పోనీ తెల్లగుడ్డ వెయ్యి. ఖాళీగానైనా ఉండనీ."

"ఇంకా కోపమేనా?" జానీబీ చొక్కా ఒళ్లోకి లాక్కుంది. "మేనమామ ముక్క లేకుండా పిల్లకి బొంతా?"

"పసిబిడ్డ ఇంటికొస్తుంటే పంతాలేంటన్నా" అంది ప్రేమమ్మ.

పీరు నోరు తెరిచాడు. జానీబీ అరచెయ్యి గుండె మీదికి, ఆ కుట్ల గాటు ఉన్న చోటికి వెళ్లింది. పీరు నోరు మూసుకున్నాడు. ఎవరి మీద కోపం చూపించాలో ఆయనకే తెలియలేదు.

మరక తగలకుండా వీపు వైపు నుంచి జానీబీ ముక్క కత్తిరించింది. గడిలో పరిచి, అరచేత్తో సర్ది, సూది మొగుడి చేతికిచ్చింది.

"నీ చేత్తోనే కుట్టు. ఇంతటితో మీ ఇద్దరి గొడవా తీరిపోవాలి."

కుట్టాడు. పుట్టి బుద్ధెరిగాక సూది గుచ్చుకోని వేలికి రెండుసార్లు గుచ్చుకుంది. జానీబీ పక్కనే కూర్చుని నిమిరిన చోటే నిమురుతోంది.

"వాడొస్తే చూపిస్తా, మీ నాయనే కుట్టాడని. ఒట్టూ లేదు, గట్టూ లేదు. పిల్ల వచ్చిందని నువ్వే కబురు చెయ్యి. ఈసారి వస్తాడు."

"జానీ..."

"ఏంటయ్యా?"

పీరు చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. ఆరేళ్లలో అంత వెలుగు ఆ మొహంలో చూడలేదు.

"దారం ఇవ్వు."

ఆఖరి కుట్టు పడింది. ముడి వేసి, దారం పంటితో తెంచి, పీరు తన చేతుల వంక చూసుకున్నాడు.

గుంటూరులో జానీబీ స్పృహ లేకుండా పడుకున్న రోజున, లారీ ప్రమాదంలో పోయిన అక్బర్‌కి వినుకొండ ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చినవీ ఆ చేతులే.