బూటు బూటే

"విప్పరా ముందు! విప్పి ఆ తర్వాత గెంతు!" గుమ్మంలోనే నిలబడి కేకేసింది సౌభాగ్యమ్మ.

ఫిలిప్ పైకెత్తిన చేతులు అలాగే ఉంచి, బిక్కమొహం వేసి తల్లిని చూశాడు. హాలు మధ్యలో చాప, చాప మీద అతను, అతని కాళ్లకి తళతళలాడే కొత్త బూట్లు.

"విప్పరత్తయ్యా!" వంటింట్లోంచి స్వర్ణలత పరుగున వచ్చింది. "డాక్టరు గారు చెప్పింది మీరూ విన్నారుగా. రోజూ ఎక్సర్‌సైజు చెయ్యాలన్నారు. ఇంట్లో కూడా ఒట్టి కాళ్లతో ఉండొద్దన్నారు."

"సాయంత్రం ప్రార్థన కూడిక ఈ హాల్లోనేనే తల్లీ! వచ్చేవాళ్లంతా చెప్పులు బయట విప్పొస్తారు. ఇంటాయన మాత్రం బూట్లేసుకుని చిందులేస్తాడా?"

"అవి వీధి మొహం చూళ్లేదు. షాపులోంచి పెట్టెలో వచ్చాయి, పెట్టెలోంచి తిన్నగా చాప మీదకొచ్చాయి."

"బూటు బూటే. పెట్టెలో ఉంటే పరిశుద్ధమైపోతుందా?"

ఫిలిప్‌కి నవ్వొచ్చింది. ఈ గొడవ తెగేలోగా టిఫిను వేళవుతుందని, ఆ వంకన గెంతడం తప్పుతుందని చిన్న ఆశ కూడా పుట్టింది. స్వర్ణలతకి మాత్రం నవ్వు రాలేదు. కిందటి నెల చెప్పు ఒరుసుకుని పుండు పడితే ఈ మహానుభావుడికి తెలియనే లేదు. ఇంకోసారి అలా అయితే వేలు తీసేయాల్సి రావచ్చని డాక్టరు అన్న దగ్గర్నుంచీ ఆమె మనసు మనసులో లేదు. మొగుడు ఎక్కడ కూర్చుంటే అక్కడికెళ్లి, కాళ్లెత్తించి పాదాలు చూస్తోంది. మొన్న పెళ్లి భోజనాల బంతిలో కూడా చూసింది.

"షుగరొచ్చి పాదాలు మొద్దుబారితే మేకు దిగినా తెలీదంట అత్తయ్యా. నాకు భయంగా ఉంది. ఆ బూట్లు ఉండనివ్వండి."

"చాల్లే! పామిడిముక్కల చేలల్లో ఊడ్పులకెళ్లినన్నాళ్లూ చెప్పు మొహం ఎరగను. ఇప్పుడు మాత్రం? డాబా మీద మాగాయ ముక్కలు ఆరబోసి వస్తున్నా, ఒట్టి కాళ్లతోనే. నువ్వయితే చెప్పులేసుకుని కూడా కుయ్యోమంటావు."

అదీ నిజమే. మే నెల బందరు ఎండ గురించి బందరు వాళ్లకి చెప్పక్కర్లేదు. తొమ్మిది దాటితే ఆ డాబా పెనమే. స్వర్ణలత చెప్పులతో వెళ్లినా గెంతుకుంటూ తిరిగొస్తుంది.

"కాలలేదా మీకు?"

"కాలితేగా! మట్టిలో తిరిగిన పాదాలే ఇవి. మీరంతా మెత్తమెత్తగా పెంచుకుని రోగాలు తెచ్చుకున్నారు."

ఫిలిప్ ఇక లాభం లేదనుకుని బూట్లు విప్పాడు. తల్లి మాట కాదనలేడు, పెళ్లాం మొహం చూడలేడు. కిటికీ ఊచకి కట్టిన రబ్బరు పట్టీ పట్టుకుని, గోడ వైపు తిరిగి లాగడం మొదలెట్టాడు.

ఉన్న కోపమంతా ఆ పట్టీ మీదే చూపించాడో ఏమో, అది ఊచ నుంచి ఊడి రివ్వున వెళ్లి టీపాయి మీది గాజు గ్లాసుకి తగిలింది. గ్లాసు భళ్లున పగిలింది. ముక్కలు హాలంతా చిందాయి.

"కదలకండి!" స్వర్ణలత గొంతు కీచుమంది. "చాప దిగారంటే చూడండి మరి!"

"నువ్వూ కదలకే. నేనూడుస్తాను." సౌభాగ్యమ్మ చీపురు తీసుకుని హాలు ఈ చివర నుంచి ఆ చివరదాకా, సోఫా కింద కూడా వదలకుండా ఊడ్చింది. చేటలోకెత్తి పారబోసి వచ్చి, "అయిపోయింది. ఒక్క ముక్కుంటే ఒట్టు. ఇంక గెంతరా!" అంది.

స్వర్ణలతకి నమ్మకం కుదరలేదు. వంగి నేలంతా చేత్తో తడుముకుంటూ చాపదాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

చాప పక్కన తెల్లటి టైలు మీద ఎర్రగా, రూపాయి బిళ్లంత మరక. పక్కన ఇంకోటి.

"చంపేశారు! నేను చెబుతూనే ఉన్నాను!" ఒక్క తోపు తోసి మొగుణ్ని సోఫాలో కూలేసింది. "దిగొద్దంటే దిగారా? కాలెత్తండి!"

"నాకేం నొప్పి లేదే," అన్నాడు ఫిలిప్ అయోమయంగా.

"ఉంటే ఇంక ఏడుపెందుకు!"

సౌభాగ్యమ్మ ఆ మరకలు చూసింది. అప్పటిదాకా ఉన్న పొగరంతా ఒక్కసారిగా జారిపోయింది. "ప్రభువా! నా చేతులారా చేసుకున్నానే! పసుపు తెస్తానుండు" అంటూ వంటింట్లోకి పరుగెత్తింది.

స్వర్ణలత సోఫా ముందు చతికిలబడింది. ఫోను లైటు వేసి కుడి పాదం చూసింది. ఏమీ లేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. ఎడమ పాదం పట్టుకుని వేళ్ల సందులు విడదీసింది. మడమ నొక్కింది. పాత పుండు మచ్చ తప్ప గీత కూడా లేదు.

"మరి ఈ రక్తం ఎక్కడిది?" అంది.

"నేనసలు చాప దిగనే లేదు!" అన్నాడు ఫిలిప్.

ఇంతలో సౌభాగ్యమ్మ పసుపు డబ్బా పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. "తప్పు నాదేరా నాయనా! బూట్లేసుకో. ప్రార్థనలో కూడా వేసుకో, ఎవరేమంటారో నేను చూస్తా. ఏ కాలు? ఇటు చూపించు. పాపం, నీకు నొప్పి కూడా తెలియట్లేదు కదరా!"

వంటింటి గుమ్మం నుంచి సోఫా దాకా, ఆమె అడుగేసిన ప్రతిచోటా ఎర్రటి మడమ గుర్తు పడుతోంది.