ఈ కాలపు మొగుడు

“పెళ్లాం రాసిన కథలను తన పేరుతో అచ్చు వేయించుకునే పెద్దమనిషా? ఈ కాలంలో అలాంటి మొగుడెక్కడుంటాడే? జనం నవ్విపోతారు. వాణ్ణి మార్చెయ్,” అంటూ దర్శకుడు తాను సినిమాగా తీయబోయే పాత నవలను భార్య ముందుకు విసిరాడు.

అతని సినిమాలన్నీ రాసేది ఆమే. తెర మీద పడేది అతని పేరు.

ఆమె ఆ పెద్దమనిషిని సినిమా దర్శకుణ్ణి చేసి, మిగతాదంతా తమ ఇంట్లో జరిగేది జరిగినట్టే రాసిచ్చింది.

గుమ్మడికాయల దొంగ ఈసారైనా భుజాలు తడుముకుంటాడని చూసింది. అతను చదివి తొడ చరిచాడు. “ఎంత నీచుడే వీడు! ఇలాంటోణ్ణి చెప్పుతో కొట్టాలి!”

సినిమా బ్రహ్మాండంగా ఆడింది. ఆ నీచుడి పాత్ర ఎలా తట్టిందని విలేకరి అడిగితే, పక్కన భార్య ఉండగానే అతను కాలర్ ఎగరేశాడు.

“పాత నవల్లో లేడండీ వీడు. అచ్చంగా నా బుర్రలోంచి పుట్టాడు.”