గువ్వను ఏడిపించిన పాట

గాలివానకు గూడు కొట్టుకుపోయి, పిల్లల్ని పోగొట్టుకున్న గువ్వ తిండి మానేసి ఎండుకొమ్మ మీద కూర్చుంది. ఓదార్చాలని కోకిల వచ్చి ఎంతో తీయగా పాడింది. అడవంతా మెచ్చుకుంది. గువ్వ మాత్రం తలెత్తలేదు.

తర్వాత ముసలి పికిలిపిట్ట వచ్చి గువ్వ పక్కన కూర్చుంది. చనిపోయిన తన పిల్లలకు ఒకప్పుడు పాడిన జోలపాట అందుకుంది. మధ్యలో గొంతు పూడుకుపోయింది. కాసేపు ఆగి, మళ్లీ పాడింది.

గువ్వ భోరుమని ఏడ్చింది.

"అయ్యో, ఏడిపించావేమిటి?" అని కోకిల కంగారుపడింది.

"ఇన్నాళ్లూ ఏడుపే రాక కుమిలిపోయానమ్మా" అంది గువ్వ. "పికిలక్కా, నీ మేలు మరిచిపోను. ఇంకోసారి పాడవూ?"

పికిలిపిట్ట పాడింది. కోకిల కూడా దగ్గరికి జరిగి వింది. పాట అయ్యాక గువ్వ మొదటిసారి తన పిల్లల పేర్లు పైకి చెప్పింది.